పంపు తిరుగుతోంది, నీళ్లు తిరగడం లేదు

మే రెండో వారం, మధ్యాహ్నం రెండు గంటలు. బెజవాడ గవర్నర్‌పేటలో మా కంప్యూటర్ రిపేరు షాపు ముందు బండి ఆపి, పటమట నుంచి వచ్చిన కుర్రాడొకడు కంప్యూటర్ క్యాబినెట్‌ను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. వైశాఖం ముహూర్తాలు, చేతిలో నాలుగు పెళ్లిళ్ల పని.

"అన్నా, రెండు నెలల కిందట నలభై నిమిషాల్లో రెండరై ఫైలుగా తయారయ్యే వీడియో ఇప్పుడు గంటా పావు తీసుకుంటోంది. నిన్న మధ్యలో ఆగిపోయి రీస్టార్ట్ అయింది. తెర మీద సీపీయూ టెంపరేచర్ ఎర్రర్ అని వచ్చింది."

మిషన్ తనే బిగించుకున్నది. 2021 అక్టోబరులో, గ్రాఫిక్స్ కార్డులు దొరక్క జనం అల్లాడుతున్న రోజుల్లో, ఒక్కో పార్టూ వెతుక్కుని కొన్నాడు. ఏఎండీ రైజెన్ 9 5900ఎక్స్ ప్రాసెసర్, బీ550 బోర్డు, 32 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3060. ప్రాసెసర్ మీద 240 ఎంఎం లిక్విడ్ కూలర్, అంటే 120 ఎంఎం ఫ్యాన్లు రెండు పక్కపక్కన పట్టే రేడియేటర్. దాన్ని క్యాబినెట్ పైకప్పుకి బిగించాడు. వైరింగ్ మా షాపులో కుర్రాళ్ల కన్నా నీటుగా చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఈ కేసు రాయడానికి కారణం కూలర్ పాడైందని కాదు. కూలర్లు పాడవుతూనే ఉంటాయి. మొదటి రోజే నా కళ్ల ముందున్న ఆధారాన్ని నేను చూడలేదు, దానివల్ల ఆ కుర్రాడికి నాలుగు రోజుల పని పోయింది. అది ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మొదటి రోజు

ఆన్ చేసి, సెన్సార్ల రీడింగులు చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో సాఫ్ట్‌వేర్ పెట్టాను. షాపులో ఏసీ ఉన్నా తలుపు తీస్తూ వేస్తూ ఉంటాం, గది 31 డిగ్రీలు. ఏ పనీ చేయకుండా ఖాళీగా ఉన్నప్పుడే ప్రాసెసర్ 58. ఈ చిప్ ఖాళీగా ఉన్నా కాస్త వేడిగానే ఉంటుంది గానీ, ఆ కూలర్ మీద, ఆ గదిలో 45 దాటకూడదు. ప్రాసెసర్‌కి ఫుల్ లోడ్ ఇచ్చి స్కోరు చెప్పే సినీబెంచ్ ఆర్23 పది నిమిషాల టెస్ట్ పెట్టాను. పెట్టగానే 74, ఇరవై సెకన్లు దాటాక 90. 5900ఎక్స్‌కి ఏఎండీ పెట్టిన గరిష్ఠ ఉష్ణోగ్రత ఆ తొంభయ్యే. అక్కడికి చేరగానే ప్రాసెసర్ తన్ను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది. మామూలుగా ఫుల్ లోడ్‌లో 142 వాట్ల దాకా తాగాల్సిన చిప్ 65 వాట్లకు పడిపోయింది. ఆరోగ్యంగా ఉంటే 21 వేల చుట్టూ రావాల్సిన స్కోరు 13,400 వచ్చింది. కుర్రాడి రెండర్ ఎందుకు రెట్టింపు టైం తీసుకుంటోందో అర్థమైపోయింది. ఎందుకు వేడెక్కుతోందన్నదే తేలాలి.

పంపు వైపు చూశాను. కూలర్ పంపు వైరు బోర్డులో పంపుకి కేటాయించిన పిన్నులకే పెట్టి ఉంది. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో పంపు 2,850 ఆర్‌పీఎం. ప్రాసెసర్ మీద కూర్చునే, పంపు ఉన్న బ్లాక్ మీద వేలు పెడితే సన్నటి జలదరింపు. "పంపు బానే తిరుగుతోంది తమ్ముడూ, భయం లేదు" అన్నాను. నా తప్పు అక్కడ మొదలైంది.

పంపు బాగుందని మనసులో టిక్కు పెట్టేసుకున్నాక ఇక మిగిలినవి దుమ్ము, పేస్టు (ప్రాసెసర్‌కీ బ్లాక్‌కీ మధ్య వేడి దాటడానికి పూసేది). రేడియేటర్ రెక్కల మధ్య మూడున్నరేళ్ల దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. బెజవాడ దుమ్ము సంగతి తెలిసిందే, ఇల్లు మెయిన్ రోడ్డు పక్కన ఉంటే ఆరు నెలలకే ఆ గతి. బ్లోయర్‌తో కొట్టాను. బ్లాక్ ఊడదీశాను. ఏఎం4 సాకెట్ (ఈ తరం రైజెన్ ప్రాసెసర్ బోర్డు మీద కూర్చునే చోటు) ఉన్నవాళ్లకు ఇక్కడొక మాట: చల్లగా ఉన్నప్పుడు బ్లాక్‌ను నిటారుగా లాగితే ఎండిన పేస్టు పట్టుకుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది. పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి కాబట్టి వంగితే బాధ. ఐదు నిమిషాలు లోడ్ పెట్టి వేడి చేసి, ఆపి, బ్లాక్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి అప్పుడు తియ్యాలి. అలాగే తీశాను. పేస్టు ఒక అంచున ఎండింది, మధ్యలో పల్చగా సమానంగా పరుచుకునే ఉంది. అంటే బిగింపు బాగున్నట్టే. అయినా "ఇదిగో, ఎండిపోయింది" అన్నాను. మనకు కావాల్సింది ఒకటుంటే కళ్లు దాన్నే చూస్తాయి.

కొత్త పేస్టు పెట్టి, బిగించి, రెండు నిమిషాలు టెస్ట్ చేశాను. 90కి చేరడానికి ఇంతకు ముందు కన్నా పది సెకన్లు ఎక్కువ పట్టింది. "ఎండాకాలం కదా, ఏసీ గదిలో పెట్టుకో" అని చెప్పి, డబ్బులు తీసుకుని పంపించాను. రెండు నిమిషాల టెస్ట్‌తో పంపడం రెండో తప్పు. మూడో రోజు పొద్దున్నే ఫోన్: "అన్నా, మళ్లీ అంతే."

ఆటోనగర్ బాబాయ్

రెండోసారి మిషన్ తెచ్చింది కుర్రాడు కాదు, వాళ్ల నాన్న. అబ్బాయి గుంటూరులో షూటింగ్‌కి వెళ్లాడట. ఈయన ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా లారీ రేడియేటర్ల పని చేస్తున్నాడు. చేతుల మీద టంకం మచ్చలు, చొక్కా జేబులో టెస్టర్. కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతూ నేను చేస్తున్నది చూస్తున్నాడు.

"ఇందులోనూ రేడియేటరేనంటగా?"

"అవును బాబాయ్. పద్ధతంతా మీదే. ప్రాసెసర్ మీద రాగి బ్లాకు, అందులోనే పంపు, రెండు పైపులు, పైన రేడియేటర్, ఫ్యాన్లు."

"నీళ్లు పోసే మూత ఏదీ?"

"ఉండదు. కంపెనీలోనే నింపి సీలు వేసేస్తారు."

ఆయన ముఖంలో అపనమ్మకం కనిపించింది. టెస్ట్ నడుస్తూ ఉండగా లేచి వచ్చి, అడక్కుండానే క్యాబినెట్‌లో చెయ్యి పెట్టి, బ్లాక్‌లోంచి వచ్చే రెండు పైపుల్నీ రెండు వేళ్లతో ఒకేసారి పట్టుకున్నాడు. అలా పావు నిమిషం ఉంచాడు. తర్వాత పైన రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇది కాలుతోంది, ఇది చల్లగా ఉంది. రేడియేటర్‌కి వేడే తెలీట్లేదు. నీళ్లు తిరగట్లేదయ్యా."

నేను స్క్రీన్ చూపించాను. "పంపు తిరుగుతోంది బాబాయ్. ఇదిగో, 2,850."

"పంపు తిరిగితే నీళ్లు తిరిగినట్టేనా?"

నాకు జవాబు లేదు. లారీలో పై గొట్టం కాలిపోతూ, కింది గొట్టం చల్లగా ఉంటే ఆయనకు మీటరు అక్కర్లేదు: థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండాలి, రేడియేటర్ పూడుకుపోయి ఉండాలి, లేదా పంపు రెక్క అరిగి ఉండాలి. మూడింట్లో ఏదైనా నీరు ముందుకు పోవడం లేదనే. నా దగ్గర ఇరవై సెన్సార్ల రీడింగులున్నాయి, వాటిలో ఒక్కటీ ప్రవాహాన్ని కొలవదు. ఆర్‌పీఎం అంటే పంపు లోపలి అయస్కాంతం నిమిషానికి ఎన్నిసార్లు తిరిగిందన్న లెక్క మాత్రమే. అది నీళ్లను నెడుతోందో, ఒకే చోట గిరగిరా చిలుకుతోందో ఆ అంకె చెప్పదు. ఇది నాకు తెలియని సంగతి కాదు. తెలిసి కూడా అంకె కనిపించగానే చెయ్యి పెట్టడం మానేశాను.

ఆ 2,850 కూడా ఆలోచించాల్సిన అంకే. ఈ పంపుకి అట్ట పెట్టె మీద రాసిన వేగం 2,700. మూడున్నరేళ్లు వాడిన పంపు కొత్తదాని కన్నా జోరుగా తిరుగుతోందంటే సంతోషించాల్సింది కాదు. పొలంలో మోటారు నడిపిన వాళ్లకు ఇది వెంటనే తడుతుంది: డెలివరీ వాల్వు మూసేస్తే స్టార్టర్ బోర్డు మీద ఆంప్స్ ముల్లు దిగుతుంది, మోటారు గొంతు తేలికవుతుంది. నీటిని మోసే పని తగ్గింది కాబట్టి. మా బాబాయిల పొలంలో చిన్నప్పుడు ఆ ముల్లు చూస్తూనే బోరులో నీళ్లున్నాయో లేదో చెప్పేవాళ్లం. అదే బుద్ధి టేబుల్ మీద పనిచెయ్యలేదు.

ఆధారం మొదటి రోజు లాగ్‌లోనే ఉంది

బాబాయ్ వెళ్లాక మొదటి రోజు సేవ్ చేసిన గ్రాఫు తెరిచాను. లిక్విడ్ కూలర్ వేడి గ్రాఫుకి ఒక్కో జబ్బులో ఒక్కో ఆకారం ఉంటుంది.

పేస్టు గానీ బిగింపు గానీ చెడితే, లోడ్ పెట్టిన ఒకటి రెండు సెకన్లలోనే వేడి నిటారుగా లేచి ఆగుతుంది. లోడ్ తియ్యగానే అంతే నిటారుగా పడుతుంది. ఎందుకంటే వేడి చిప్‌లోంచి బ్లాక్‌లోకే వెళ్లలేకపోతోంది. చిప్ చిన్నది, తొందరగా కాగుతుంది, తొందరగా చల్లారుతుంది. పైపులు రెండూ ఒకేలా, పెద్ద వేడి లేకుండా ఉంటాయి.

దుమ్ము పట్టిన రేడియేటర్, ఆగిన ఫ్యాన్, గాలాడని క్యాబినెట్, మండే గది అయితే వేరే కథ. నీళ్లకు వేడి మోసే శక్తి ఎక్కువ కాబట్టి మొత్తం కాగడానికి టైం పడుతుంది. పది, పదిహేను నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కుతూనే ఉంటుంది. పైపులు రెండూ, రేడియేటర్ కూడా వేడిగా ఉంటాయి. రెండు నిమిషాల టెస్ట్‌లో ఇది బయటపడదు.

మా గ్రాఫు ఈ రెండూ కాదు. ఒక్కసారి 74కి లేచి, అక్కడి నుంచి 22 సెకన్లలో 90కి వాలుగా ఎక్కింది. లోడ్ ఆపాక 58కి దిగడానికి దాదాపు ఐదు నిమిషాలు పట్టింది. ఆ దిగడం నేను చూడనే లేదు, టెస్ట్ అవగానే లేచి పేస్టు ట్యూబు వెతుక్కున్నాను. పేస్టు సమస్యే అయితే రెండు సెకన్లలో దిగి ఉండాలి.

22 సెకన్ల లెక్క వేసి చూద్దాం. బ్లాక్‌లో రాగి సుమారు వంద గ్రాములు అనుకుంటే, దాన్ని ఒక డిగ్రీ పెంచడానికి 38 జూళ్లు కావాలి. బ్లాక్ లోపల నిలిచే నీరు ఇరవై గ్రాములు అనుకుంటే మరో 84. రెండూ కలిపి 120 చిల్లర. చిప్ 140 వాట్లు పోస్తోంది, అందులో యాభై ఎలాగోలా బయటికి పోతున్నాయనుకున్నా తొంభై మిగిలిపోతున్నాయి. అంటే సెకనుకి ముప్పావు డిగ్రీ. 22 సెకన్లకి 16 డిగ్రీలు. 74కి 16 కలిపితే 90. రాగి, నీరు ఎంతన్నది నా అంచనానే, అయినా ఇంత దగ్గరగా రావడం చూసి కుర్చీలో వెనక్కి వాలాను. కాగుతోంది కూలర్ మొత్తం కాదు, ఆ గుప్పెడు బ్లాక్ ఒక్కటే. మొత్తం నీరూ రేడియేటరూ కలిసి కాగితే ఇంత తొందరగా ఎక్కే ప్రసక్తే లేదు.

తర్వాత పైపుల సంగతి. మల్టీమీటర్‌తో వచ్చే ఉష్ణోగ్రత వైర్లు రెండు తీసుకుని, ఒక్కో పైపు మీద ఒకటి పెట్టి, ఇన్సులేషన్ టేపు చుట్టి, పైన గుడ్డ కట్టాను. అరగంట లోడ్. బ్లాక్‌లోంచి బయటికి వచ్చే పైపు 49, లోపలికి వెళ్లే పైపు 33. తేడా 16. ఆ సమయానికి చిప్ 65 వాట్ల దగ్గర ఉంది. 65ని 16తో భాగించి, దాన్ని నీటి ఉష్ణధారణ 4.18తో భాగిస్తే సెకనుకి దాదాపు ఒక గ్రాము. నిమిషానికి 60 మిల్లీలీటర్లు. మన టీ బండి దగ్గర ఇచ్చే చిన్న గాజు గ్లాసుడు. నిమిషానికి ఒక లీటరు తిరుగుతున్న లూప్‌లో (నీళ్లు తిరిగే చుట్టుదారిలో) 140 వాట్లకి కూడా రెండు పైపుల మధ్య తేడా రెండు డిగ్రీలే ఉంటుంది, వేళ్లకు తెలియనే తెలియదు. అందుకే నిలకడగా లోడ్ నడుస్తున్నప్పుడు పైపుల మధ్య తేడా చేతికి తెలిసిందంటే, అదే రోగం.

ఖాయం చేసుకోవడానికి ఇంకొకటి చేశాను. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెరలో) పంపు వేగాన్ని సగానికి తగ్గించి మళ్లీ టెస్ట్ పెట్టాను. స్కోరు, వాట్లు, పైపుల వేడి ఏదీ చెప్పుకోదగ్గంత మారలేదు. పంపు జోరు సగానికి తగ్గించినా ఒకటేనంటే అది నీళ్లను సరిగ్గా నెట్టడం లేదనే.

గాలి బుడగ అయి ఉండవచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. నిజమే. ఏళ్ల తరబడి రబ్బరు పైపుల గుండా నీరు ఆవిరిగా కొద్దికొద్దిగా పోతుంది, ఆ ఖాళీ చోటు లూప్‌లో అన్నిటికన్నా ఎత్తయిన చోట గాలిగా చేరుతుంది. ఆ ఎత్తయిన చోటు పంపు అయితే పంపు గాలినే చిలుకుతూ ఉంటుంది, లక్షణాలు అచ్చం ఇలాగే ఉంటాయి. క్యాబినెట్ ముందు వైపు రేడియేటర్‌ను పంపు కన్నా కిందికి బిగించుకున్న వాళ్లకు ఈ బాధ వస్తుంది. మనవాడు పైకప్పుకి బిగించాడు కాబట్టి గాలి ఉన్నా రేడియేటర్‌లోనే ఉండాలి. అయినా మిషన్ ఆన్‌లో ఉండగానే క్యాబినెట్‌ను అటు ఇటు వంచి, రేడియేటర్‌ను చేత్తో తట్టాను. గొడగొడమని రెండు సెకన్లు శబ్దం వచ్చింది, ఆగిపోయింది. వేడి ఒక డిగ్రీ కూడా మారలేదు. కొంచెం గాలి ఉంది, కానీ దోషి అది కాదు.

విప్పి చూశాం

కూలర్‌కి మూడేళ్ల వారంటీ, ఏడు నెలల కిందటే అయిపోయింది. వారంటీ ఉన్నవాళ్లు ఇక్కడి నుంచి చదివి ఊరుకోండి, విప్పకండి. సీలు కదిపితే వారంటీ పోతుంది. పైపుల కొలతలు, గ్రాఫు, ఫొటోలు పెట్టి కంపెనీకి రాస్తే మార్చి ఇస్తారు. పంపు ఆర్‌పీఎం బాగుంది కదా అని సర్వీసు వాళ్లు తిప్పి పంపాలని చూస్తే ఆ కొలతలే మీ మాట.

కుర్రాడికి ఫోన్ చేసి అడిగాను. "ఎలాగూ పోయింది కదన్నా, చూద్దాం" అన్నాడు. బాబాయ్ తనే వచ్చాడు, లోపల ఏముందో చూడాలని. విప్పేది మిషన్‌లో కాదు, కూలర్ మొత్తం బయటికి తీసి ట్రేలో పెట్టి. లోపల ఉండేది గ్లైకాల్ కలిపిన నీరు, చేతికి తొడుగులు వేసుకుని, పిల్లలకూ కుక్కలకూ అందకుండా పారబొయ్యాలి.

రాగి పళ్లెం చుట్టూ నక్షత్రం గాడి స్క్రూలు. తీసి పళ్లెం తిరగేస్తే లోపలి వైపు మధ్యలో తపాలా బిళ్ల కన్నా కొంచెం పెద్ద చోటులో రాగి రెక్కలు. దువ్వెన పళ్లలా ఉంటాయి గానీ ఒక్కో రెక్కకీ మధ్య సందు వెంట్రుక మందం కన్నా కాస్త ఎక్కువ. పంపు నీటిని సరిగ్గా వీటి నడుమకి పోస్తుంది. అక్కడి నుంచి నీరు రెండు వైపులా సందుల్లోంచి పారి వేడిని తీసుకెళ్లాలి. ఫోన్ల రిపేరుకి వాడే భూతద్దం కింద పెట్టాను. సందులే కనిపించలేదు. బూడిద, ఆకుపచ్చ కలిసిన జిగురు, నానబెట్టిన సబ్జా గింజల మీద పట్టే పొర లాంటిది, నడుమ అంతా కప్పేసి ఉంది. వేలితో రాస్తే లోపల సన్నటి ఇసుకలా గరగర. అంచుల్లో మాత్రం పది, పన్నెండు సందులు తెరుచుకుని ఉన్నాయి. నిమిషానికి గ్లాసుడు టీ పోయింది అక్కడి నుంచే.

బాబాయ్ చూసి నవ్వాడు. "మా దగ్గర బోరు నీళ్లు పోసిన బండ్లు ఇలాగే వస్తాయి. మీవాళ్లు మంచి నీళ్లే పోశారుగా?"

పోశారు. కానీ ఇలాంటి కూలర్లలో బ్లాక్ రాగి, రేడియేటర్ మాత్రం చాలావాటిలో అల్యూమినియం. రెండు వేర్వేరు లోహాలు ఒకే నీటిలో మునిగితే బ్యాటరీలో జరిగేదే జరుగుతుంది, అల్యూమినియం నెమ్మదిగా కరుగుతుంది. దాన్ని ఆపడానికే నీటిలో తుప్పు నిరోధక రసాయనాలు కలుపుతారు. అవి ఏళ్లు గడిచేకొద్దీ ఖర్చయిపోతాయి. పైపుల గుండా నీరు పోతూ ఉంటే మిగిలినది చిక్కబడుతుంది. వేడి ఎక్కువైతే ఇదంతా త్వరగా జరుగుతుంది. చాలామంది తయారీదారులు లోపలి నీరు 60 డిగ్రీలు దాటకూడదంటారు. ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నం గాలే 38 ఉంటే, రోజుకి పది గంటల రెండరింగ్‌లో లోపలి నీరు యాభై దాటడం పెద్ద విషయం కాదు. కరిగిన చెత్త, రేడియేటర్ తయారీలో మిగిలిపోయిన మలినాలు నీటితో తిరుగుతూ, దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోట ఆగుతాయి. ఆ చోటు రాగి రెక్కలే. కూలర్ బాగా చల్లబరచాలని రెక్కల్ని సన్నంగా చేశారు, అవే జల్లెడ అయి కూర్చున్నాయి.

పళ్లేన్ని గోరువెచ్చని వెనిగర్‌లో ఇరవై నిమిషాలు నానబెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో రెక్కల వాలులోనే తోమాను. అడ్డంగా తోమితే రెక్కలు వంగిపోతాయి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో ఆరుసార్లు కడిగాం. రేడియేటర్‌లో నీళ్లు పోసి ఊపి పారబోస్తే మొదటి మూడుసార్లు మురుగే వచ్చింది. బాబాయ్ తన షాపు నుంచి అల్యూమినియానికి పడే కూలెంట్ తెచ్చాడు. బకెట్‌లో ముంచి ఉంచి, గాలి లేకుండా నింపి, మునిగి ఉండగానే పళ్లెం బిగించాం. ఆ పని ఆయనే చేశాడు, నా చేతులు అంత నిలకడగా లేవు. తర్వాత ఒక రాత్రంతా పేపర్ల మీద పెట్టి, చుక్క కారలేదని చూసుకున్నాం.

మర్నాడు అదే మిషన్ మీద, గది 31 ఉండగా పది నిమిషాల టెస్ట్: 79 డిగ్రీలు, 141 వాట్లు, స్కోరు 21,150. పైపుల మధ్య తేడా రెండు డిగ్రీల లోపు. పంపు 2,690 ఆర్‌పీఎం. నీళ్లు మోస్తోంది కాబట్టి వేగం తగ్గింది.

కుర్రాడికి ఆ కూలర్ ఇవ్వలేదు

"బాగైంది కదన్నా, అదే పెట్టెయ్" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒకసారి విప్పిన రబ్బరు సీలు కింద గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది, మిషన్‌లో నాలుగు పెళ్లిళ్ల ఫుటేజీ ఉంది. ఎవరి పెళ్లయినా రెండోసారి షూట్ చెయ్యడానికి కుదరదు. పైగా రేడియేటర్ సందుల్లో ఇంకెంత చెత్త మిగిలిందో భూతద్దం చూపించదు.

రెండు గోపురాలు, రెండు ఫ్యాన్లు ఉన్న ఎయిర్ కూలర్ పెట్టాం, మూడున్నర వేలు అయింది. కొనే ముందు రెండు కొలతలు చూసుకోవాలి: క్యాబినెట్ లోపల ప్రాసెసర్ నుంచి పక్క అద్దం దాకా ఎంత ఎత్తు ఉందో, ర్యామ్ స్టిక్కుల అలంకారం ఫ్యాన్‌కి తగులుతుందో లేదో. మనవాడి ర్యామ్ మీద లైట్ల కిరీటం ఉంది, ముందు ఫ్యాన్‌ను కొంచెం పైకి జరపాల్సి వచ్చింది. అదే గదిలో 83 డిగ్రీలు, స్కోరు 20,700. బాగున్న లిక్విడ్ కూలర్ కన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువ, శబ్దం కూడా కాస్త ఎక్కువే. కానీ ఇందులో చెడేది ఫ్యాన్ ఒక్కటే, అది చెడితే కంటికి కనిపిస్తుంది.

లిక్విడ్ కూలర్లే వద్దని నేననను. 250 వాట్లు తాగే ఇంటెల్ చిప్పులకి 360 ఎంఎం రేడియేటర్ పెట్టాల్సిందే, నా సొంత మిషన్‌కీ ఉంది. ఏ కూలరైనా గది గాలి కన్నా చల్లగా చెయ్యలేదు, మే నెలలో అందరూ ఆ నలభై డిగ్రీల గాలికే లొంగాలి. అందుకని బయోస్‌లో ఎకో మోడ్ కూడా చూపించాను. 142 వాట్ల పరిమితి 88కి తగ్గుతుంది. 41 నిమిషాల రెండర్ 47 అయింది, వేడి మాత్రం 66. గ్రాఫిక్స్ కార్డు కూడా పని పంచుకుంటుంది కాబట్టి నష్టం అంతే. మధ్యాహ్నాలు ఎకో, రాత్రుళ్లు మామూలు అని పెట్టుకున్నాడు. పేస్టుకి తీసుకున్న డబ్బులు తిరిగిచ్చాను. వద్దన్నాడు, జేబులో పెట్టేశాను.

కడిగిన లిక్విడ్ కూలర్ నా టేబుల్ మీద పాత బోర్డుకి బిగించి, రోజూ సాయంత్రం గంట లోడ్ పెడుతూ వచ్చాను. మొదటి రెండు వారాలు కదలలేదు. మూడో వారానికి అదే గది వేడికి ఆరు డిగ్రీలు పెరిగింది, పైపుల తేడా రెండు నుంచి ఐదయింది, పంపు మళ్లీ 2,760. నిన్న బాబాయ్ ఇటు వచ్చినప్పుడు చెప్పాను. రెండు పైపుల్నీ వేళ్లతో పట్టుకుని చూసి, "రేడియేటర్ నాకియ్యి, రాడ్ పెట్టి చూస్తా" అన్నాడు. ఇందులో రాడ్ పట్టేంత సందు లేదు బాబాయ్ అన్నా వినకుండా పట్టుకెళ్లాడు.